సోరియాసిస్ ఉన్నవారికి కౌన్సెలింగ్: బెంగళూరులో నా అనుభవం

చర్మంపై మచ్చలు లేచి పొట్టు రాలే సోరియాసిస్ నాకు ఉంది. దానికోసం జయనగర్‌లోని ఒక చిన్న చర్మవ్యాధుల క్లినిక్‌కు ఆరు నెలలుగా వెళ్తున్నాను. ఈ సమీక్ష అక్కడి మందుల గురించి కాదు, వాటితో పాటు ఇచ్చే కౌన్సెలింగ్ గురించి. మొదటి రోజే డీఎల్‌క్యూఐ అనే పది ప్రశ్నల పత్రం నింపమన్నారు. చర్మవ్యాధి రోజువారీ జీవితాన్ని ఎంత ఇబ్బంది పెడుతోందో అది కొలుస్తుంది; మార్కులు ఎక్కువైతే ఇబ్బంది అంత ఎక్కువని అర్థం. గడిచిన వారంలో చర్మం వల్ల సిగ్గుపడ్డారా, వేసుకునే బట్టలు మార్చుకున్నారా అని అడిగే ఆ పత్రంలో 30కి 19 వచ్చినప్పుడు, పొట్టు కనబడుతుందని నల్ల చొక్కాలు మానేసిన సంగతి నేను ఇంట్లో కూడా చెప్పలేదని గుర్తొచ్చింది.

కౌన్సెలర్‌ది అనంతపురం కావడంతో మాటలు వెతుక్కోవలసిన అవసరం రాలేదు. క్షౌరశాలలో "ఇది అంటుకుంటుందా?" అని అడిగితే ముడుచుకుపోకుండా, ఇది రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడం వల్ల వచ్చేదని, అంటువ్యాధి కాదని ఒక్క వాక్యంలో చెప్పడం ఆమె నాతో సాధన చేయించారు. ఒత్తిడి మచ్చలను రేపుతుందని, మచ్చలు తిరిగి ఒత్తిడిని పెంచుతాయని, గోకి గాయం చేసుకున్న చోట కొత్త మచ్చలు లేవవచ్చని (దీన్ని కోబ్నర్ ప్రక్రియ అంటారట) ఓపికగా వివరించారు. "మనసు గట్టి చేసుకో" అన్న బంధువుల సలహా కంటే ఇది ఎంతో నయం.

లోపాలు లేకపోలేదు. నలభై ఐదు నిమిషాలని చెప్పిన సమావేశం రెండుసార్లు ఇరవై ఐదు నిమిషాలకే ముగిసింది. రుసుము మాత్రం తగ్గలేదు. శనివారం తప్ప వేరే రోజు దొరకదు కాబట్టి ముందుగా ఫోన్ చేసి వెళ్లడం మంచిది.