మలావిలో రెండేళ్ళు వాడిన మూడు లీటర్ల కుక్కర్

సూట్‌కేసులో కుక్కర్ పెట్టాలా, ఇంకో రెండు కిలోల కందిపప్పు పెట్టాలా అని బయల్దేరే ముందు రోజు అమ్మకీ నాకూ పెద్ద వాదన. చివరికి రెండూ పెట్టాం. కుక్కర్ ఖాళీగా ఎందుకు వెళ్ళాలని అమ్మ అందులో ఇంగువ, మెంతులు, ఎండుమిర్చి కుక్కింది. 2021 సెప్టెంబరు నుంచి రెండేళ్ళు ఆఫ్రికాలోని మలావి దేశంలో, దక్షిణాన జోంబా దగ్గర ఒక పల్లె బడిలో వాలంటీర్‌గా లెక్కలు చెప్పాను. ఆ రెండేళ్ళూ నాకు అన్నం పెట్టిన అల్యూమినియం కుక్కర్ ఇది.

కందిపప్పు మోసుకెళ్ళడం మాత్రం శుద్ధ దండగ. మొదటి శనివారం సంతకి వెళ్తే గోనెపట్టా మీద కుప్పపోసి కందులు! అక్కడ నందోలో అంటారు. మొక్కజొన్న చేలో అంతరపంటగా వేస్తారు, మన దేశానికి ఎగుమతి కూడా చేస్తారు. చింతపండు బ్వెంబా, తోటకూర బొనోంగ్వే. పేర్లు నేర్చుకుంటే చాలు, సగం వంటిల్లు అక్కడే ఉంది.

కాకపోతే కందులు పొట్టుతోనే దొరికేవి. అక్కడివాళ్ళు అలాగే వండి, న్సీమా అనే మొక్కజొన్న పిండి ముద్దలో నంజుకుంటారు. మామూలు గిన్నెలో రెండు గంటల పైమాటే. రాత్రి నానబెట్టి కుక్కర్లో పెడితే ఏడు విజిళ్ళు. మొదటి విజిల్‌కి పక్కింటి పెద్దావిడ పెరట్లోకి పరుగు తీసింది. నెల తిరక్కుండా తన నందోలో కూడా గిన్నెలో పోసుకుని "అమాయి" అంటూ మా గుమ్మంలోకి వచ్చేది. అమ్మాయి అంటోందని వారం రోజులు మురిసిపోయాను. అక్కడి చిచేవా భాషలో ఆ మాటకి అమ్మ అని అర్థమట!

మొదటి నాలుగు నెలలూ కరెంటు పొయ్యి మీద ఏ ఇబ్బందీ లేదు. 2022 జనవరిలో అనా తుఫాను వచ్చి షీరే నది మీది కపిచిర జలవిద్యుత్ కేంద్రం దెబ్బతింది. అసలే అంతంతమాత్రంగా ఉండే కరెంటు మా ఊళ్ళో మరీ గగనమైపోయింది. ఇక బొగ్గుల పొయ్యే గతి. దాన్ని ఎంబౌలా అంటారు. కుక్కర్‌కి అసలు పరీక్ష అక్కడ.

గ్యాస్ పొయ్యిలాగా సిమ్‌లో పెట్టడం బొగ్గులతో కుదరదు. ఒకరోజు కుక్కర్ ఎక్కించి పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. విజిల్ రాలేదు. కందుల పొట్టు ఆవిరి గొట్టంలో అడ్డుపడిందని నాకేం తెలుసు? సేఫ్టీ వాల్వ్ పోయింది. బుస్సుమని పసుపుపచ్చ పప్పు రేకు కప్పు దాకా ఎగిరి, అక్కణ్ణుంచి చుక్కచుక్కగా జవాబు పత్రాల మీద పడింది. అప్పటి నుంచి పప్పు విడిగా చిన్న గిన్నెలో, రెండు చుక్కల నూనె వేసి, మూత పెట్టి ఉడికించేదాన్ని. విజిల్ తీసి గొట్టంలోంచి వెలుతురు కనబడితేనే పొయ్యి ఎక్కించేదాన్ని. కొత్త వాల్వ్ ఇండియా నుంచి వచ్చేసరికి ఐదు వారాలు పట్టింది. అన్నాళ్ళూ అది ఉత్త గిన్నే.

రెండో లోపం పిడి. బొగ్గుల సెగకి కింది స్క్రూ దగ్గర ప్లాస్టిక్ మాడి, బీటలిచ్చి, ఏడాదికల్లా ఊగడం మొదలైంది. గుడ్డ చుట్టి పట్టుకునేదాన్ని. రబ్బరు పది నెలలకే గట్టిపడింది. అడుగు మాత్రం అంత నల్లబడినా ఎక్కడా వంగలేదు.

రెండు లీటర్లది చాలదు, లోపల గిన్నె పట్టదు. ఐదు లీటర్లది బరువు. మూడే తీసుకోండి. పప్పుకి బదులు రెండు రబ్బర్లు, రెండు వాల్వులు, ఒక పిడి పెట్టుకోండి. ఇంగువ మరిచిపోవద్దు, అది మా సంతలో ఎక్కడా కనబడలేదు.

కుక్కర్ వెనక్కి తేలేదు. పక్కింటావిడకి ఇచ్చి, గొట్టంలోంచి వెలుతురు చూడటం నేర్పి వచ్చాను. రబ్బరు మళ్ళీ వదులైందని మొన్న కబురు పెట్టింది. అటు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే పంపాలి.