మినీ లేత్‌తో బండి పార్టులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో 7×14 మినీ లేత్ (లోహపు ముక్కను గిరగిరా తిప్పుతూ కోసే చిన్న మిషన్, సైజు అంగుళాల్లో) మీద బుల్లెట్లకూ వేరే బళ్లకూ స్పేసర్లు (రెండు పార్టుల మధ్య దూరం ఉంచే గొట్టం ముక్కలు), బార్ ఎండ్ వెయిట్లు (హ్యాండిల్ చివర్లలో బిగించే బరువులు), హ్యాండిల్ రైజర్లు (హ్యాండిల్‌ను ఎత్తు చేసే దిమ్మలు) చేస్తుంటాను. కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను: ఎప్పుడో ఒక పీసు చేసుకోవడానికి ఇది కొనొద్దు. ఒకే పార్టు ఇరవై, ముప్ఫై చొప్పున చేస్తేనే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది.

స్పేసరు కోయడానికి పట్టే టైమ్ తక్కువే. టూల్ ఎత్తు సరిచేసి, డ్రిల్ మార్చి, కొలత తెచ్చుకునేసరికే పొద్దు పోతుంది. అందుకే ముక్కలన్నీ ముందే కోసి పెట్టుకుంటాను. అన్నిటికీ ఫేసింగ్ (చివర చదును చేయడం) అయ్యాక అన్నిటికీ డ్రిల్లింగ్, ఆ తర్వాత బోరింగ్ (రంధ్రాన్ని కొలతకు పెద్దది చేయడం), చివర్లో ముక్కను తిప్పి పట్టి పొడవు సరిచేయడం. మిషన్‌తో వచ్చే మూడు దవడల చక్‌లో (ముక్కను పట్టుకునే భాగం) ముక్క తీసి మళ్లీ బిగిస్తే సెంటర్ కాస్త తప్పుతుంది. ఈఆర్32 కాలెట్ చక్ (ముక్కను చుట్టూ సమానంగా బిగించే రకం) వేశాక ఆ బాధ చాలా తగ్గింది. మిషన్ బెడ్డుకు (కింది పట్టాలకు) బిగించే క్యారేజ్ స్టాప్ ఇంకా ముఖ్యం. టూల్‌ను మోసే క్యారేజ్ వెళ్లి దానికి ఆనుకుంటుంది, పొడవు ప్రతిసారీ ఒకేలా వస్తుంది. మిషన్ కొనేటప్పుడే ఈ రెండింటికీ డబ్బు పక్కన పెట్టుకోండి.

6061 రకం అల్యూమినియం దీని మీద హాయిగా నడుస్తుంది. కొంచెం కిరోసిన్ రాస్తే టూల్ మొనకు లోహం అంటుకోదు. వేడిగా ఉన్న ముక్కను మాత్రం కొలవకండి. 25 మి.మీ. వ్యాసం ఉన్న ముక్క 40 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే మైక్రోమీటర్ 0.02 మి.మీ. పైనే ఎక్కువ చూపిస్తుంది. బేరింగు కూర్చునే చోట అంత తేడా వస్తే చల్లారాక లూజే. నేను మందపాటి ఇనుప ప్లేటు మీద చల్లారబెట్టి కొలుస్తాను.

304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గరికొచ్చేసరికి ఈ మిషన్ ఆయాసపడుతుంది. కోత లోతు పెంచితే వణుకుతుంది. తగ్గిస్తే టూల్ కోయకుండా రుద్దుతుంది, రుద్దిన చోట స్టీలు ఇంకా గట్టిపడుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కి దిగేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయని చాలామంది బార్ ఎండ్ల కోసం వస్తారు. బార్ ఎండ్‌కు బరువే ప్రాణం, అల్యూమినియంతో చేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ వైబ్రేషన్ పెద్దగా తగ్గదు. అందుకని ఇత్తడికి మారాను. స్టీలు కన్నా బరువు, కోస్తే వెన్నలా తెగుతుంది. రాడ్డు ధర ఎక్కువే, అయినా టూళ్ల ఖర్చులో, టైమ్‌లో కలిసొస్తుంది. హ్యాండిల్ బయటి వ్యాసం చాలా బళ్లకు 22 మి.మీ.యే అయినా లోపలిది బండిని బట్టి మారుతుంది. బండి తెచ్చి చూపిస్తేనే ఆర్డర్ తీసుకుంటాను.

మిషన్ గేర్లు ప్లాస్టిక్‌వి, జామ్ అయితే పళ్లు విరుగుతాయి. ఒక స్పేర్ సెట్టు ఉండాల్సిందే. వేసవిలో వోల్టేజీ ఊగిసలాటకు కంట్రోల్ బోర్డు పోతుందేమోనన్న టెన్షన్ స్టెబిలైజర్ పెట్టాకే తగ్గింది. ముక్కను రాడ్డు నుంచి తెంచే పార్టింగ్ టూల్‌తో కుస్తీ పట్టడం కన్నా హ్యాక్సాతో కోసుకోవడమే నయం.

యాక్సిల్ (చక్రం ఇరుసు) చేసివ్వమని అడిగే తమ్ముళ్లూ ఉంటారు. వాళ్లను కంపెనీ పార్టే వేయించుకోమంటాను. దానికి కావాల్సిన హీట్ ట్రీట్‌మెంట్ (వేడి చేసి స్టీలును బలంగా చేయడం) నా షెడ్డులో అయ్యే పని కాదు.