జాగ్రత్త: తిరుపతిలో "జిస్ట్ కార్డుతో 486, ఫుల్ రన్నింగ్ కండిషన్" అని ఎవరైనా అమ్మజూపితే

పాత కంప్యూటర్లు కొని బాగు చేసుకునే మనవాళ్లందరికీ ఈ సంగతి తెలియాలి. రేణిగుంట రోడ్డు వైపు గోడౌన్ ఉందని చెప్పుకునే ఒకాయన "486 డీఎక్స్2-66, 8 ఎంబీ ర్యామ్, తెలుగు జిస్ట్ కార్డు, ఫుల్ రన్నింగ్ కండిషన్" అంటూ టవర్ సెట్లు అమ్ముతున్నాడు. (486 అంటే 1990ల నాటి ఒక ప్రాసెసర్ రకం.) నాకు ఒకటి అమ్మాడు. చిత్తూరులో ఇంకొకాయనకు కూడా దాదాపు ఇలాంటి సెట్టే అంటగట్టాడని తర్వాత తెలిసింది. 18,000 చెప్పాడు, 15,500కి బేరం తెగింది. 6,000 అడ్వాన్స్ యూపీఐలో, మిగతాది సామాను ఇంటికి చేరగానే అని మాట. డబ్బా విప్పి చూసేదాకా ఆగకుండా, మిగతాది కట్టిందాకా ఆటోలోంచి సామాను దించొద్దని డ్రైవర్‌కు ముందే చెప్పి పంపాడు.

ఆయన పేరు, నంబరు ఇక్కడ రాయడం లేదు. రేపు ఇంకో పేరుతో, ఇంకో సిమ్‌తో వస్తాడు. పద్ధతి మాత్రం మారదు కాబట్టి అదే వివరంగా రాస్తున్నాను.

ఎర వేసింది జిస్ట్ కార్డుతోనే. కొత్తగా ఈ హాబీలోకి వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. విండోస్ ఇంకా ఇంటింటికీ రాని రోజుల్లో వర్డ్‌స్టార్, డీబేస్, లోటస్ లాంటి డాస్ ప్రోగ్రాముల్లోనే తెలుగు, హిందీ, తమిళ లిపులు కనబడేలా చేసిన కార్డు ఇది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన పని కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సి-డాక్‌కు చేరింది. ఆ సంస్థ పుట్టిందే 1988లో. ఇప్పటికీ విండోస్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుంటే వచ్చే ఇన్‌స్క్రిప్ట్ వరస, మన లిపుల అక్షరాలకు 1991లో ప్రమాణంగా వచ్చిన ఇస్కీ కోడు, ఇవన్నీ ఆ తరం పనులే. నల్లటి డాస్ తెర మీద ఒత్తులతో సహా తెలుగు కనబడటం ఒక్కసారైనా ఇంట్లో చూడాలని మనలాంటి వాళ్లకు ఉంటుంది. ఆ ఆశ ఎంత ఖరీదు చేస్తుందో ఆయనకు బాగా తెలుసు. ఉత్త 486కి అయితే 15 వేలు ఎవరిస్తారు?

ప్రకటనలోని ఫోటోలో ఉన్నది అసలు కార్డే అయ్యుండొచ్చు. నాకు వచ్చిన క్యాబినెట్‌లో ఉన్నది మాత్రం మామూలు మల్టీ ఐఓ కార్డు, అంటే డిస్కు, ఫ్లాపీ, ప్రింటర్లను బోర్డుకు కలిపేది. 40 పిన్నుల హార్డ్ డిస్క్ కనెక్టరు, పక్కనే 34 పిన్నుల ఫ్లాపీ కనెక్టరు, వెనక పట్టీ మీద 25 పిన్నుల ప్రింటర్ పోర్టు. పెద్ద చిప్పు మీద తెల్ల స్టిక్కరు, దాని మీద "జిస్ట్ తెలుగు" అని ప్రింటు. తడి వేలితో రుద్దితే అక్షరాలు చెదిరిపోయాయి, ఇంక్‌జెట్‌లో తీసిన స్టిక్కరు అది. దాని కింద ఆ చిప్పు అసలు నంబరు శుభ్రంగా కనబడుతోంది. ఇంకా తమాషా ఏమిటంటే, ఆ కార్డు లేకపోతే ఆ సిస్టమ్‌లో హార్డ్ డిస్కే పని చేయదు. అంటే విడిగా జిస్ట్ కార్డు అనేదేదీ రాలేదు, సెట్‌లో ఎలాగూ ఉండాల్సిన కార్డుకే కొత్త పేరు పెట్టాడు. ఇలాంటి మల్టీ ఐఓ కార్డు చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడిగితే మూలనున్న డబ్బాలోంచి తీసి ఇస్తారు.

ఇక వీడియో సంగతి. డబ్బు పంపే ముందు ఆన్ చేసి చూపించమంటే అరనిమిషం వీడియో పంపాడు. ఏఎంఐ కంపెనీ బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) తెర, మెమరీ లెక్క టకటకా పెరగడం, చివర సి ప్రాంప్టు. చూడముచ్చటగా ఉంది. ఇంటికొచ్చిన బోర్డు మీద బయోస్ చిప్పుకు ఉన్నది అవార్డ్ అనే వేరే కంపెనీ స్టిక్కరు. "మధ్యలో చిప్పు మార్చి ఉండొచ్చు కదా" అని ఒక మిత్రుడు అన్నాడు. మార్చొచ్చు, కాదనను. కానీ వీడియో చివర్లో కెమెరా ఒక్క క్షణం క్యాబినెట్ లోపలికి తిరుగుతుంది. ఆపి చూస్తే అందులో ర్యామ్ పొట్టి ముక్కలు వరసగా ఉన్నాయి, అంటే 30 పిన్నుల సిమ్ములు. 486కి అవి నాలుగేసి చొప్పున పెట్టాలి. నాకు వచ్చిన బోర్డులో ఉన్నవి 72 పిన్నుల పొడుగు స్లాట్లు, వాటికి ఒక్క ముక్క చాలు. ర్యామ్ మార్చొచ్చు, చిప్పు మార్చొచ్చు, స్లాట్లు మార్చి సోల్డర్ చేసేంత తీరిక ఎవరికీ ఉండదు. ఆ వీడియో వేరే మిషన్‌ది.

అసలు దెబ్బ బోర్డు మీద ఉంది. ఆ కాలపు 386, 486 బోర్డుల్లో చాలావాటికి గడియారం, సెట్టింగులు నిలవడానికి చిన్న పీపా ఆకారంలో ఒక రీచార్జబుల్ బ్యాటరీ సోల్డర్ చేసి ఉంటుంది. నికెల్ కాడ్మియం, 3.6 వోల్టులు. ఇన్నేళ్లకు అది కారకుండా ఉండటం అరుదు. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, ఘాటైన క్షారం. అది బోర్డు మీది ఆకుపచ్చ పూత కిందికి పాకి రాగి గీతలను, పొరల మధ్య కలిపే సన్న రంధ్రాలను మెల్లగా తినేస్తుంది. చాలా బోర్డుల్లో కీబోర్డు కంట్రోలర్ చిప్పు ఆ పక్కనే ఉంటుంది కాబట్టి ముందు పోయేది అదే.

"బ్యాటరీ ముందే తీసేశాం సామీ, బోర్డు సేఫ్" అని ఆయన గొప్పగా చెప్పాడు. తీసేసిన మాట నిజమే. బ్యాటరీ ఉండాల్సిన మూల చూస్తే కొత్త బోర్డులా నిగనిగలాడుతోంది. అదే అనుమానం. టార్చి ఏటవాలుగా కొడితే అగ్గిపెట్టె అంత మేర మెరుపు వేరుగా ఉంది. బోర్డు మీద విడిభాగాల పక్కన తెల్లగా ముద్రించి ఉండే అక్షరాలు, అంకెలు ఆ పచ్చ దాకా వచ్చి సగంలో ఆగిపోయాయి. ఒకచోట "ఆర్" అక్షరానికి కాలు ఉంది, తల లేదు. అసిటోన్‌లో ముంచిన దూదితో అద్దితే పచ్చరంగు దూదికి వచ్చేసింది. కింద నల్లబడిన రాగి, అంచుల్లో నీలం పొడి. మల్టీమీటర్ పెట్టి చూస్తే కొన్ని గీతలు అసలు మోగలేదు, అంటే తెగిపోయాయి. బోర్డు ఎక్కడ ఆగిందో కోడులో చూపే డయాగ్నస్టిక్ కార్డు పెడితే ఒక్క కోడూ కదల్లేదు. ఈ పని తెలియక చేసింది కాదు. రంగు కలిపి, బోర్డు పచ్చకు సరిపోయేలా చూసుకుని, ఓపికగా వేసిన పూత అది.

ఇదే తీరున మీ దగ్గర ఏదైనా బోర్డు ఉంటే ఒక మాట. చాలామంది వంట సోడా నీళ్లు పోస్తారు, అది ఆమ్లం కారే బ్యాటరీలకు. దీనికి వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కావాలి. తర్వాత మంచి నీళ్లు, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వాలి. కొత్తగా సీఆర్2032 బిళ్ల పెడితే మధ్యలో డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) వేయడం మరవకండి. బోర్డు ఆ బిళ్లను కూడా చార్జ్ చేయబోతుంది, లిథియం బిళ్లకు అది ప్రమాదం.

పవర్ సప్లై విషయం మాత్రం ప్రాణం మీదికి వచ్చేది. వెనక ఎర్ర స్లైడ్ స్విచ్ 115 మీద ఉంది. మన కరెంటు 230. అలాగే ప్లగ్ పెట్టుంటే లోపలి కెపాసిటర్లు పేలిపోయేవి. ఆ స్విచ్ గాడిలోకి ఉంటుంది, స్క్రూడ్రైవర్ మొన పెడితే తప్ప కదలదు, దారిలో దానంతట అది జరిగిందనుకోవడానికి లేదు. "ఇక్కడే ఆన్ చేసి టెస్ట్ చేశాం" అన్న మాటకు ఇంతకంటే జవాబు ఏం కావాలి? ఇంకొకటి, ఆ తరం ఏటీ క్యాబినెట్లలో ముందున్న పవర్ బటన్ దాకా 230 వోల్టుల తీగలే వస్తాయి. వాటి మీది తొడుగు పెళుసుబారి ఉంటే క్యాబినెట్ ముట్టుకున్నా షాకే. బోర్డుకు పెట్టే రెండు కనెక్టర్లలో నల్ల తీగలు మధ్యలో పక్కపక్కనే ఉండాలి, తారుమారు చేస్తే బోర్డు అక్కడితో సరి.

ప్రాసెసర్ మాత్రం నిజంగానే డీఎక్స్2-66. ఆ ప్రకటనలో అబద్ధం కానిది అదొక్కటే. హార్డ్ డిస్క్ తిరుగుతుంది గానీ హెడ్ కదలదు. ఆ తరం డిస్కులు కొన్నిట్లో లోపలి రబ్బరు ముక్క జిగురుగా కరిగి హెడ్‌ను పట్టేసుకోవడం మామూలే, ఆ నేరం ఆయన మీద వేయను. ఎలాగూ మనం దాని బదులు సీఎఫ్ కార్డే (కెమెరాల్లో వాడిన మెమరీ కార్డు) పెట్టుకుంటాం. ఎంత పెద్ద కార్డు పెట్టినా పాత బయోస్ 504 ఎంబీ దగ్గర ఆగిపోతుందని గుర్తుంటే చాలు.

ఫోన్ చేస్తే మొదటిసారి ఎత్తాడు. "ట్రాన్స్‌పోర్టులో కదిలిపోయుంటుంది సామీ, ర్యామ్ తీసి మళ్లీ పెట్టండి" అన్నాడు. రంగు సంగతి అడిగితే "పాత సామానుకు గ్యారంటీ యాడుంటుంది సామీ, మీరే చూసుకోని తీసుకోవాల" అన్నాడు. జిస్ట్ కార్డు మాటెత్తగానే కట్ చేశాడు. ఆ తర్వాత నా నంబరు బ్లాక్. చిత్తూరు ఆయనకూ మాట పొల్లుపోకుండా ఇదే జవాబు, ర్యామ్ తీసి పెట్టడంతో సహా.

పాత సామాను అమ్మేవాళ్లందరూ ఇలా ఉండరు. లీలామహల్ దగ్గర ఒకప్పుడు పెళ్లి పత్రికలు కొట్టిన డీటీపీ ఆయన దగ్గర ఇంతకుముందు ఒక సిస్టమ్ తీసుకున్నాను. "కీబోర్డులో సగం కీలు పడవు నాయనా, ఫ్లాపీ చదవదు, చూసుకో" అని ముందే చెప్పి, స్క్రూలు విప్పి చూడమని కుర్చీ కూడా వేశాడు. పనిచేయనిది అమ్మినా నాకు అభ్యంతరం లేదు, మనం బాగు చేసుకునేవాళ్లమే. చెడింది ఏదో చెప్తే ధర దానికి తగ్గట్టు ఉంటుంది. నాకు వచ్చిన ఈ సెట్ ఉన్నదున్నట్టు చెప్పి అమ్మినా ప్రాసెసర్‌కు, క్యాబినెట్‌కు, పాడైన బోర్డుకు కలిపి మూడు నాలుగు వేలు ఇచ్చేవాణ్ణి.

అందుకని ఎవరైనా ఇలాంటి బేరం చేస్తుంటే, అడ్వాన్స్ పంపే ముందు కట్ చేయని ఒకే వీడియో అడగండి. క్యాబినెట్ మూత తీసి ఉండాలి, బోర్డు చూపించి, కెమెరా ఆపకుండా స్విచ్ వేసి, తెర మీద బయోస్ వచ్చేదాకా తీయాలి. ఒక కాగితం మీద ఆ రోజు తేదీ, మీ పేరు రాసి బోర్డు పక్కన పెట్టించండి. ఏఎంఐ బయోస్ అయితే తెర అడుగున ఒక పొడవాటి నంబరు ఉంటుంది. బోర్డు ఎవరు చేశారో, బయోస్ ఏ తేదీదో అందులోంచి పట్టుకోవచ్చు. వీడియోలో ఆ నంబరు రాసుకుని, సామాను చూసేటప్పుడు పోల్చుకోండి. బ్యాటరీ మూల ఫోటో ఫ్లాష్ లేకుండా, పక్క నుంచి వెలుతురు పడేలా తీయమనండి. ఫ్లాష్ వేస్తే పూత, పూత కానిది అన్నీ ఒకేలా మెరుస్తాయి. కార్డులకైతే రెండు వైపులా ఫోటోలు, స్టిక్కర్ ఉంటే స్టిక్కర్ తీసి.

చిప్పుల మీద ఉండే నాలుగంకెల తేదీ కోడు కూడా చూడండి. 9347 అంటే 1993లో 47వ వారం. కార్డు 1990 నాటిదని చెప్పి దాని మీద చిప్పులన్నీ 1995వి అయితే అడగాల్సిన ప్రశ్న ఉంది. కొన్ని పాత చిప్పుల పైభాగం గీకి, కొత్తగా ముద్ర వేసి అమ్మడం కూడా జరుగుతోంది. అసిటోన్ దూదితో తుడిస్తే కొత్త ముద్ర ఊడి రావచ్చు. 1995 ప్రాంతపు 486 బోర్డులు కొనేటప్పుడు ఇంకో తలనొప్పి ఉంది. కొన్నిటికి క్యాష్ చిప్పులు (ప్రాసెసర్ వేగం కోసం పెట్టే చిన్న మెమరీ) ఉత్త ప్లాస్టిక్ ముక్కలే, బయోస్ మాత్రం క్యాష్ ఉన్నట్టే చూపిస్తుంది. క్యాష్‌చెక్ అనే చిన్న డాస్ ప్రోగ్రాం నడిపితే నిజం బయటపడుతుంది.

ఊళ్లోనే ఉన్న సామాను అయితే వీడియోల గొడవెందుకు, వెళ్లి చూడండి. "గోడౌన్ తాళం వేరేవాళ్ల దగ్గర ఉంది, మేమే పంపిస్తాం" అంటే అక్కడితో బేరం ఆపేయండి. నాకూ, చిత్తూరు ఆయనకూ సరిగ్గా ఇదే మాట చెప్పాడు. డబ్బు పోయినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, యూపీఐ లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. నేను ఇచ్చాను. చాట్ స్క్రీన్‌షాట్లు, ప్రకటన ఫోటో కూడా జత చేశాను, ఎందుకంటే ప్రకటన ఆ మర్నాటికే మాయమైంది.

ఇంకో సాయం కావాలి. మీలో ఎవరి దగ్గరైనా, మీ పాత ఆఫీసులోనో కాలేజీ ల్యాబ్‌లోనో, అసలు జిస్ట్ కార్డు ఉంటే రెండు వైపులా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. అమ్మమని అడగను. చిప్పుల మీది నంబర్లు చదవడానికి వీలుగా, పగటి వెలుతురులో తీస్తే చాలు. తర్వాత కొనబోయేవాళ్లు పక్కన పెట్టి పోల్చుకుంటారు.