తెలుగు మెసేజ్‌లు చదివి వినిపించే యాప్ కొంటున్నారా? ముందు ఆ గొంతు ఎవరిదో చూసుకోండి

మెసేజ్‌లు, వాట్సాప్, పీడీఎఫ్‌లు అన్నీ "సహజమైన తెలుగు గొంతుతో" చదివిస్తామని లైఫ్‌టైమ్ లైసెన్స్ అమ్ముతున్న సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఫోన్‌కి ఒక రేటు, కంప్యూటర్‌కి ఇంకో రేటు. డబ్బు కట్టాక తేలేదేమిటంటే గొంతు వాళ్లది కాదు, మన ఫోన్‌లో ఊరికే ఉన్న గూగుల్ గొంతే. బటన్లు మాత్రం వాళ్లవి. ఇదే బాపతువి ఇంకా ఉన్నాయి కాబట్టి పేరు గుర్తుపెట్టుకోవడం కన్నా పరీక్ష తెలుసుకోవడం మేలు.

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్ పైనున్న సెర్చ్‌లో 'టెక్స్ట్-టు-స్పీచ్' అని కొట్టండి. మెనూ దారి ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది, వెతుక్కోవడం దండగ. ప్రిఫర్డ్ ఇంజిన్ (రాతని గొంతుగా మార్చే ప్రోగ్రాం) దగ్గర గూగుల్ కనిపిస్తే, పక్కనున్న గేర్ గుర్తు నొక్కి ఇన్‌స్టాల్ వాయిస్ డేటాలో తెలుగు దించుకోండి. పైసా ఖర్చు లేదు. ఇప్పుడు ప్లే స్టోర్‌లో దొరికితే ఈస్పీక్ అనే ఉచిత ఇంజిన్ కూడా పెట్టుకుని, ప్రిఫర్డ్ ఇంజిన్‌ని దానికి మార్చి, కొనబోయే యాప్ ట్రయల్ తెరవండి. గొంతు రోబోలా మారిందా? ఆ యాప్‌కి సొంత గొంతు లేనట్టే. మారకపోతే గూగుల్ స్పీచ్ సర్వీసెస్‌ని కాసేపు డిసేబుల్ చేసి చూడండి. మూగబోతే సంగతి అర్థమైనట్టే.

కంప్యూటర్‌లో అయితే నెట్ తీసేయండి. గొంతు ఆగిపోతే అది ఆన్‌లైన్ నుంచి వస్తున్నదన్నమాట, వేరేవాళ్ల గొంతు తెచ్చి అమ్ముతుండొచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల శ్రుతి, మోహన్ అనే తెలుగు గొంతులు ఎడ్జ్ బ్రౌజర్‌లో ఉచితం: పేజీ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కితే చదువుతుంది. చూపు లేనివారికి తెర మీది రాతలు చదివిపెట్టే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, తెలుగు చదివే ఈస్పీక్ అందులోనే వస్తుంది. వినసొంపుగా ఉండదు గానీ నెట్ అక్కర్లేదు.

డెమో వీడియో నమ్మకండి, మీ వాక్యం మీరే పేస్ట్ చేయండి. "డా. కృష్ణమూర్తి గారికి రూ.1,05,000 తే.12-03-2025న జమ" అని పెట్టి వినండి. లక్షా ఐదు వేలు అనాల్సిన చోట ఒకటి, సున్నా ఐదు అని ముక్కలు చేస్తే బ్యాంకు మెసేజ్‌లకి పనికిరాదు. డా., తే. అన్నవి పొడి అక్షరాలుగా చదివినా అంతే.

"పాత పుస్తకాల పీడీఎఫ్‌లు కూడా చదువుతుంది" అన్న మాట మరీ దారుణం. అను అనే పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసినవి యూనికోడ్ (ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు తెలుగుగా గుర్తించే పద్ధతి) కావు. ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తే ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా ఓసీఆర్ (పేజీ బొమ్మలోంచి అక్షరాలు గుర్తించడం) చేయాలి. అప్పటిదాకా ఎంత ఖరీదైన గొంతైనా చేసేదేమీ లేదు.

అసలు ప్రమాదం వేరే ఉంది. ప్లే స్టోర్‌లో ఎస్సెమ్మెస్ అనుమతి మీద ఆంక్షలు ఉండటంతో కొందరు ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా పెట్టుకునే యాప్ ఫైలు) వాట్సాప్‌లో పంపి ఇన్‌స్టాల్ చేయమంటారు. మెసేజ్‌లు చదివే అనుమతి అంటే ఓటీపీలు చదివే అనుమతి. నోటిఫికేషన్ యాక్సెస్ ఇచ్చినా చాలా ఫోన్లలో అంతే. మెసేజ్‌లు వినడమే కావాలంటే తెర మీది రాతలు చదివి వినిపించే ఫోన్‌లోని టాక్‌బ్యాక్ చాలు.

ఇప్పటికే కొన్నారా? ప్లే స్టోర్‌లో కట్టి ఉంటే 48 గంటల్లోపు రిఫండ్ అడగండి. చందా అయితే యాప్ తీసేసినంత మాత్రాన ఆగదు, ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి క్యాన్సిల్ కొట్టాలి. యూపీఐ ఆటోపేకి ఒప్పుకుని ఉంటే ఆ మాండేట్ (డబ్బు దానంతటదే కట్ అయ్యేందుకు ఇచ్చిన అనుమతి) కూడా విడిగా రద్దు చేయాలి. రిఫండ్ ఎగ్గొడితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఏపీకే పెట్టాక ఖాతాలో డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి.