ఏడేళ్లలో మూడు సార్లు డిస్నీ వరల్డ్: గది లోపలా, బయటా?

2017లో ఒకసారి, 2022లో ఒకసారి, మళ్లీ 2024 డిసెంబర్‌లో ఒకసారి ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్లొచ్చాం. రెండు సార్లు వాళ్ల సొంత హోటల్ పాప్ సెంచరీలో దిగాం, మధ్యలోది మాత్రం బయట అద్దె ఇల్లు. మూడు సార్లకీ రైడ్ బుక్ చేసుకునే పద్ధతి మూడు రకాలు, ఒకసారి నేర్చుకున్నది ఇంకోసారికి పనికిరాలేదు. మేం ఉండేది అట్లాంటా పక్కన ఆల్ఫరెట్టా, మా అన్నయ్య వాళ్లు డల్లాస్. డిస్నీ లోపల గది తీసుకోవాలా బయట ఇల్లు తీసుకోవాలా అని అన్నయ్యకీ నాకూ రెండేళ్లుగా వాదన నడుస్తూనే ఉంది, ఫోన్‌లో ఆ టాపిక్ వస్తే చాలు వదిన లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. "గదికి అంత పోసి ఏం చేస్తారే, పడుకోడానికేగా" అంటాడు అన్నయ్య. నేను మూడు రకాలూ చూశాను కాబట్టి రాస్తున్నా.

2017 సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అప్పుడు ఫాస్ట్‌పాస్ ప్లస్ అని ఉండేది, ముందే టైము బుక్ చేసుకుని పెద్ద లైన్ తప్పించుకునే పద్ధతి, పూర్తిగా ఫ్రీ. డిస్నీ హోటల్లో దిగేవాళ్లకి చెకిన్‌కి 60 రోజుల ముందు, బయట ఉండేవాళ్లకి 30 రోజుల ముందు పొద్దున 7 గంటలకి తెరుచుకునేది, రోజుకి మూడు రైడ్లు. హోటల్ వాళ్లకి ఇంకో సుఖం ఏంటంటే ఉండే రోజులన్నిటికీ ఒకేసారి చేసేసుకోవచ్చు, అంటే చివరి రోజుకి మనం 60 కంటే ఇంకా ముందే బుక్ చేస్తున్నట్టు లెక్క. డిస్నీ వరల్డ్ అంటే నాలుగు పార్కులు, మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. ఆ ఏడాదే మే నెలలో యానిమల్ కింగ్‌డమ్‌లో ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ అనే రైడ్ తెరిచారు, మొదటి రోజులకి ఎంత వెతికినా స్లాట్ లేదు, ఆఖరి రోజుకి చూస్తే చక్కగా దొరికింది. బాబుకి అప్పుడు నాలుగేళ్లు, ఆ రైడ్‌కి 44 అంగుళాలు ఉండాలి, వాడు లేడు. ఒకరు పిల్లల దగ్గర ఉంటే ఇంకొకరు ఎక్కే రైడర్ స్విచ్ పెట్టుకుని ముందు మా ఆయన, ఆయన దిగాక నేను ఎక్కాం. పైసా కట్టలేదు.

అప్పుడు ఫ్లైట్‌లో వెళ్లాం. సూట్‌కేసులకి కట్టుకోమని ట్యాగులు ముందే పోస్టులో ఇంటికి పంపారు, ఎయిర్‌పోర్టులో దిగి మ్యాజికల్ ఎక్స్‌ప్రెస్ బస్సెక్కితే సామాను వెనకాలే గదికి వచ్చేసింది. చేతికి కట్టుకునే మ్యాజిక్ బ్యాండ్లు కూడా రంగు మనం ఎంచుకుంటే ఊరికే పంపేవాళ్లు. ఇవన్నీ గది అద్దెలోనే. పెళ్లివారింట్లో విడిది ఇచ్చినట్టు ఉండేది అనుకోండి.

2020 మార్చిలో కరోనాకి పార్కులు మూసినప్పుడు ఫాస్ట్‌పాస్ ఆగింది, ఆ తర్వాత తిరిగి రాలేదు. దాని బదులు 2021 అక్టోబర్‌లో జీనీ ప్లస్ వచ్చింది, మనిషికి రోజుకి 15 డాలర్లు పైన టాక్స్. దాంట్లో కలవని పెద్ద రైడ్లకి మళ్లీ విడిగా డబ్బులు. 2022 ఆగస్టులో మేం నలుగురం, అన్నయ్య వాళ్లు నలుగురు, డావెన్‌పోర్ట్ వైపు స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు తీసుకున్నాం. ఇల్లు బానే ఉంది, వదిన రోజూ పొద్దున్నే ఉప్మానో దోశలో ఏదో ఒకటి పెట్టేది, పిల్లలు రాత్రి పూల్లో పడేవాళ్లు. ఓనర్ పేరెందుకులే గానీ బుక్ చేసేటప్పుడు ఒక రేటు, చివరి పేజీలో క్లీనింగ్ అనీ పూల్ వేడి చేయడానికనీ కలిపి ఇంకో రేటు. ఆగస్టు నెలలో ఫ్లోరిడాలో పూల్ వేడి చేయడం ఏంటండీ, నీళ్లు వాటంతటవే కాగుతుంటే!

ఆ ట్రిప్‌లో పొద్దున 7 అంటే భయం పట్టుకుంది. అప్పట్లో ఏ రోజుది ఆ రోజే బుక్ చేయాలి, లోపల వాళ్లయినా బయట వాళ్లయినా అందరికీ 7 గంటలకే. ఎప్‌కాట్‌కి వెళ్లే రోజు చూడాలి మా ఇల్లు. అక్కడి కాస్మిక్ రివైండ్ రైడ్ అప్పటికి తెరిచి మూడు నెలలే, దానికి మామూలు లైన్ లేదు, వర్చువల్ క్యూ, అంటే ఫోన్‌లోనే వరుసలో చోటు పట్టుకోవాలి, అది కూడా 7కే. మా ఆయన ఒక ఫోన్‌లో వర్చువల్ క్యూ, నేను ఇంకో ఫోన్‌లో జీనీ ప్లస్, అన్నయ్య ఎనిమిది మందివీ పేర్లు సరిగ్గా టిక్ అయ్యాయా లేదా అని మా నెత్తి మీద నిలబడి, పక్కన పాలు పొంగిపోతున్నా ఎవరూ కదల్లేదు. క్యూ దొరికింది, ఎక్కాం, బ్రహ్మాండంగా ఉంది. కానీ విడిగా కొనుక్కునే పెద్ద రైడ్లు హోటల్ వాళ్లకి 7కే తెరుచుకునేవి, బయట ఉన్నవాళ్లకి పార్క్ తెరిచాకే. రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్ మా వంతు వచ్చేసరికి సాయంత్రం స్లాట్లు మిగిలాయి. ఎనిమిది మందికి 15 చొప్పున రోజుకి 120, రెండు కార్లకి పార్కింగ్ తలా 25. అద్దె ఇంట్లో మిగిలిందనుకున్నది ఇటు నుంచి పోయింది. అన్నయ్య ఆ లెక్క ఇప్పటికీ ఒప్పుకోడు, తిండి ఖర్చు కలపమంటాడు. కలిపితే ఆయన చెప్పేదే కరెక్ట్ కావచ్చు, నేను కలపలేదు.

ఇక 2024. ఆ జూలై 24 నుంచి మళ్లీ పేరు మార్చి జీనీ ప్లస్‌ని లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అనీ, విడిగా కొనే పెద్ద రైడ్లని సింగిల్ పాస్ అనీ అన్నారు, ముందుగా బుక్ చేసుకోవడం మళ్లీ వచ్చింది. హోటల్ వాళ్లకి చెకిన్‌కి 7 రోజుల ముందు, ఉండే రోజులన్నిటికీ ఒకేసారి. బయట వాళ్లకి వెళ్లే రోజుకి 3 రోజుల ముందు, ఏ రోజుకి ఆ రోజు విడిగా. మల్టీ పాస్‌లో మూడు రైడ్లు ముందే పెట్టుకోవచ్చు, ఒకటి వాడాక ఇంకోటి. యానిమల్ కింగ్‌డమ్‌లో ఏ మూడైనా సరే, మిగతా చోట్ల మాత్రం బాగా గిరాకీ ఉన్న గుంపులోంచి ఒక్కటే తీసుకోనిస్తారు, మిగతా రెండూ చిన్న గుంపులోంచి. రేటు తేదీని బట్టి, పార్కుని బట్టి మారుతుంది.

ఈసారి అమ్మానాన్న కూడా తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఫోన్ పట్టుకుని ఇదంతా వివరిస్తుంటే అమ్మ మధ్యలో ఆపేసి "అంటే మన కొండ మీద లాగేగా, ఊరికే వెళ్లేవాళ్లకి సర్వదర్శనం, డబ్బు కట్టినవాళ్లకి 300 టికెట్టు, ఇంకా కట్టేవాళ్లకి బ్రేక్ దర్శనం" అంది. నిజంగా అంతకంటే బాగా ఇంకెవరూ చెప్పలేరు, ఎందుకంటే అప్పటికి బ్రేక్ దర్శనం లాంటిది కూడా వచ్చేసింది. 2024 అక్టోబర్ 30 నుంచి ప్రీమియర్ పాస్ అని, స్లాట్ గొడవే లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక్కో రైడ్‌కి ఒకసారి వెళ్లొచ్చు, పార్కుని బట్టి తేదీని బట్టి మనిషికి రోజుకి అప్పట్లో 129 నుంచి 449 డాలర్లు. పార్క్ టికెట్ కాకుండా. చూసి మూసేశాం.

మా బుకింగ్ రోజు 7కి కూర్చుంటే ఇరవై నిమిషాల్లో నాలుగు రోజులవీ అయిపోయాయి, స్లింకీ డాగ్ డాష్ పదిన్నర ప్రాంతానికి దొరికింది. 2022తో పోలిస్తే ఇది చాలా హాయి, అక్కడికి వెళ్లాక పొద్దున్నే ఫోన్ పట్టుకునే పని లేదు, ఇది మాత్రం నిజాయితీగా మెచ్చుకోవాలి. అన్నయ్య వాళ్లు కూడా అదే వారం వచ్చి బయట ఇంట్లో దిగారు. బుక్ చేయాల్సిన రోజు పొద్దున 7కి అలారం పెట్టుకుని లేచాడు పాపం, డల్లాస్ టైము 7కి. యాప్‌లో 7 అంటే ఓర్లాండో టైము, అంటే డల్లాస్‌లో 6. గంట లేటు. స్లింకీ చూస్తే రాత్రి ఏడున్నర తర్వాతే ఉంది. "నీకు పొద్దున పదిన్నర, నాకు రాత్రి ఏడున్నరా" అని అరిచాడు, తప్పు టైముదని చెప్తే "కాదు, మీ ఏడు రోజులదీ మా మూడు రోజులదీ" అన్నాడు. రెండూ అయ్యుంటాయి.

అసలు వాదన ఇక్కడే. గదికి ఎక్కువ కడుతున్నామంటే ఏదో వస్తుందనేగా. ఒకప్పుడు లైన్ తప్పించుకునే సౌకర్యమే ఫ్రీగా వచ్చేది, గది తీసుకుంటే ఇంకొంచెం ముందు వచ్చేది. ఇప్పుడు గదికి డబ్బు కడితే వచ్చేది లైన్ తప్పించుకోవడం కాదు, తప్పించుకోడానికి మళ్లీ డబ్బు కట్టే చోట మిగతా వాళ్ల కంటే నాలుగు రోజులు ముందు నిలబడనివ్వడం. అన్నయ్య ఇక్కడ ఓర్లాండోలోనే ఉన్న వేరే కంపెనీ పార్కులు, యూనివర్సల్ మాట తెస్తాడు. అక్కడ పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ ఈ మూడు హోటళ్లలో దేంట్లో దిగినా యూనివర్సల్ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ రెండు పార్కుల్లోనూ లైన్ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ గదితో పాటే వచ్చేస్తుంది. ఆ హోటళ్లు చవకేం కాదు, పైగా 2025 మేలో తెరిచిన వాళ్ల కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌లో ఆ ఎక్స్‌ప్రెస్ చెల్లదు, అయినా కట్టిందానికి ఏం వచ్చిందో చేతిలో కనపడుతుంది. ఈ పాయింట్‌లో నా దగ్గర జవాబు లేదు.

అయితే నేను మళ్లీ పాప్ సెంచరీకే ఎందుకు వెళ్లాను, ఈసారి వెళ్లినా అక్కడికే ఎందుకంటాను అంటే, కారణం ఆ ఏడు రోజుల బుకింగ్ కానే కాదు. మధ్యాహ్నం నిద్ర. 2019లో స్కైలైనర్ వచ్చింది, గాల్లో కేబుల్ మీద వెళ్లే బండి, పాప్ సెంచరీ నుంచి ఎక్కితే ఎప్‌కాట్‌కీ హాలీవుడ్ స్టూడియోస్‌కీ వెళ్తుంది. గాలి ఎక్కువగా ఉన్నా మెరుపులు వచ్చినా ఆపేస్తారు, మాకు ఆ అవసరం పడలేదు. పొద్దున వెళ్లడం, ఒంటిగంటకల్లా అమ్మ "నా కాళ్లు నావి కావు" అనడం, ఎక్కి గదికొచ్చి ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగన్నం తిని రెండు గంటలు అందరం పడిపోవడం, నాలుగింటికి మళ్లీ ఫ్రెష్‌గా వెళ్లడం. 2022లో బయట ఇంటి నుంచి ఇది ఒక్కరోజు కూడా కుదరలేదు, కారు దాకా నడిచి డ్రైవ్ చేసి ఇంటికెళ్తే మళ్లీ రాబుద్ధి కాదు, పాప ఆ నాలుగు రోజులూ సాయంత్రం ఆరింటికల్లా ఏడుపే. స్కైలైనర్ అంటే నాన్నకి పిచ్చి, రైడ్‌లన్నిటి కంటే ఇదే బాగుందన్నారు, ఎక్కడానికి టికెట్ కూడా లేదు కాబట్టి నిజంగా ఫ్రీ అంటే అదే.

రెండో కారణం, హోటల్లో దిగినవాళ్లని రోజూ అరగంట ముందు పార్కు లోపలికి పంపడం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆ అరగంటలో సెవెన్ డ్వార్ఫ్స్ కోస్టర్ ఎక్కేశాం, మేం వెళ్లినప్పుడు అది సింగిల్ పాస్‌లో విడిగా కొనాల్సినది, నలుగురికి ఆ డబ్బు మిగిలింది. పాతకాలంలో పొద్దున గంట, కొన్ని రాత్రులు రెండు గంటలు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు రాత్రి అదనపు గంటలు డీలక్స్ హోటళ్ల వాళ్లకే, అదీ వారంలో కొన్ని రోజులే. పార్కింగ్ ఇంకో కథ, 2018లో హోటల్లో రాత్రి కారు పెట్టినందుకు కూడా డబ్బులు మొదలుపెట్టి, 2023 జనవరిలో తీసేశారు. ఇప్పుడు హోటల్ వాళ్లకి పార్కుల్లో కూడా ఫ్రీ, అన్నయ్య మాత్రం రోజుకి 30 కట్టాడు. ఎయిర్‌పోర్ట్ బస్సు 2022లోనే పోయింది, మళ్లీ రాదు అనుకుంటా.

కష్టం ఏంటంటే ఆ గది నలుగురికే. మేం ఆరుగురం, రెండు గదులు తీసుకోవాల్సొచ్చింది, పక్కనే చెరువు మీద వంతెన దాటితే ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో ఆరుగురికి సరిపోయే సూట్ ఉంది గానీ మా తేదీలకి రెండు గదుల కంటే అదే ఎక్కువ చూపించింది. రెండు కుటుంబాలు కలిసి వెళ్లేవాళ్లయితే అన్నయ్యదే రైట్, బయట ఇల్లే తీసుకోండి, నేనేం ఫీలవ్వను.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇంకో మాట. మల్టీ పాస్ అందరికీ కొనక్కర్లేదు. అమ్మానాన్నకి మేం కొనలేదు, మేం కోస్టర్లు ఎక్కుతుంటే వాళ్లు నీడలో కూర్చున్నారు, సఫారీకి తెల్లారి వెళ్తే మామూలు లైన్లోనే త్వరగా అయిపోయింది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో టుమారోలాండ్ అనే చోట పీపుల్‌మూవర్ అనే రైడ్‌కి లైట్నింగ్ లేన్ అనేదే లేదు, నాన్న మూడు సార్లు తిరిగొచ్చారు. తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలూ మందూ తప్ప, కాబట్టి పులిహోర డబ్బా ధైర్యంగా పట్టుకెళ్లండి, బ్యాగ్ చెకింగ్ దగ్గర అమ్మ అనవసరంగా వణికింది. ఒకపూట వేడిగా ఏదైనా కావాలంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అని ఉంది, నాన్ రకాలు, తొమ్మిది రకాల చట్నీలూ ఊరగాయలూ ఇస్తారు, కిటికీ అవతల జిరాఫీలు తిరుగుతుంటాయి, ఆ హోటల్లో దిగకపోయినా ముందే బుక్ చేసుకుని వెళ్లొచ్చు. డిసెంబర్‌లో అయితే క్రిస్మస్ పార్టీ ఉన్న రోజు మ్యాజిక్ కింగ్‌డమ్ పెట్టుకోండి, సాయంత్రం 6కి మామూలు టికెట్ వాళ్లని పంపేస్తారని చాలామంది ఆ రోజు రారు, పగలు జనం పల్చగా ఉంటారు. రాత్రి బాణసంచా మాత్రం పోతుంది, దానికి ఇంకో రోజు సాయంత్రం వెళ్లాం.

బాబుకి పదేళ్లు దాటాయి కాబట్టి ఇప్పుడు వాడిది పెద్దవాళ్ల టికెట్. పాపకి ట్రాన్ ఎక్కడానికి 48 అంగుళాలు కావాలి, అప్పుడు 46 ఉంది, గోడ మీద పెన్సిల్ గీత పెట్టి వారానికోసారి కొలుచుకుంటోంది. గీత దాటాక వెళ్దాం అని మాటిచ్చాను. పాప్ సెంచరీలో తేదీలు కూడా చూసి పెట్టా, అన్నయ్యకి ఇంకా చెప్పలేదు.