సీబయోపోర్టల్: కొవ్వు జీన్ల జాతకం సరిచూసుకోవడానికి మంచి చోటు

రేటింగ్: ఐదుకి నాలుగున్నర

నేను పాథాలజిస్టుని. బ్లాడర్ లోపల గీకి తీసిన ముక్కలు, వాటి స్లైడ్లు, వాటి రిపోర్టులు నా రోజువారీ పని. ఈమధ్య పీజీ పిల్లలు థీసిస్ టాపిక్ అంటూ పట్టుకొస్తున్న పేపర్లు చాలావరకు ఒకే అచ్చులో ఉంటున్నాయి. బ్లాడర్ క్యాన్సర్‌లో కొవ్వు మెటబాలిజం జీన్లు, వాటితో రోగి ఎన్నాళ్లుంటాడన్న అంచనా. ఏడెనిమిది జీన్లు, ఒక రిస్క్ స్కోరు, ఎర్రగీత కిందికీ నీలంగీత పైకీ విడిపోయిన ఒక బొమ్మ. అలాంటిది ఎవరు తెచ్చినా ముందు సీబయోపోర్టల్, అంటే క్యాన్సర్ కణితుల జీన్ల డేటా చూపించే వెబ్‌సైట్, తెరవమంటాను. నా దగ్గర ఇదొక ఆనవాయితీ అయిపోయింది.

మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్‌లో పుట్టి, 2012లో బయటికొచ్చిన సైట్ ఇది. ఉచితం. పబ్లిక్ డేటా చూడటానికి లాగిన్ కూడా అక్కర్లేదు. రకరకాల క్యాన్సర్ల జీన్ల పటం గీసిన టీసీజీఏ అనే అమెరికా ప్రాజెక్టు బ్లాడర్ డేటా ఇందులోనే ఉంది. ఆ ప్రాజెక్టు 2017 పేపర్‌లో 412 కణితుల్ని విశ్లేషించారు. అవన్నీ కండరంలోకి దిగిన క్యాన్సర్లు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అసలు కొవ్వు గొడవ ఎందుకంటే, గబగబా విభజన చెందే కణానికి పొరలు కట్టుకోవడానికి కొవ్వు కావాలి. ఏసీఎల్‌వై అనే జీన్ ఇచ్చే ఎంజైమ్ సిట్రేట్‌ని విరిచి ముడిసరుకు ఇస్తుంది. ఎఫ్‌ఏఎస్‌ఎన్ దాన్ని పేర్చి పదహారు కార్బన్ల పామిటేట్ తయారుచేస్తుంది. ఎస్‌సీడీ అందులో ఒక డబుల్ బాండ్ పెడుతుంది. సీపీటీ1ఏ మాత్రం కొవ్వుని మైటోకాండ్రియాలోకి పంపి కాల్పిస్తుంది. కాబట్టి ఈ జీన్లకీ క్యాన్సర్ పోకడకీ సంబంధం ఉందంటే నమ్మబుద్ధి అవుతుంది. ఇబ్బందల్లా ఆ నమ్మకానికి ఎంత రుజువు ఉందన్నదే.

సైట్‌లో ఎఫ్‌ఏఎస్‌ఎన్ అని కొట్టి ఎంటర్ నొక్కారనుకోండి. ఫలానా శాతం కేసుల్లో మార్పు ఉందని చూపిస్తుంది. కొత్తవాళ్లు ఆ అంకె చూసి జీన్ ఎక్కువగా పనిచేస్తోందని అర్థం చేసుకుంటారు. కానీ మామూలుగా అది చూసేది మ్యుటేషన్లూ, కాపీల సంఖ్యలో మార్పులూ. ఎక్స్‌ప్రెషన్, అంటే జీన్ ఎంతగా పనిచేస్తోందో, కావాలంటే ఆ ప్రొఫైల్ టిక్కు మీరే పెట్టాలి. అప్పుడు కూడా సగటు కన్నా రెండు ప్రమాణ విచలనాలు దాటినవాళ్లనే ఒక గుంపుగా తీస్తుంది, మిగిలినవాళ్లంతా రెండో గుంపు. పేపర్లలో మాత్రం సాధారణంగా మీడియన్ (సరిగ్గా మధ్య విలువ) దగ్గర రెండు సగాలు చేస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి "మాకు వేరేగా వస్తోందేంటి మేడమ్" అంటే రాక ఏమవుతుంది? స్టడీ పేజీలో జీన్ చార్టు వేసుకుని, గ్రూపుల పోలిక మెనూలో మీడియన్ ఎంచుకుంటే సరి. ఆ అర మార్కు నేను కోసింది ఈ టిక్కుల దగ్గరే, ఇది ముందే కనబడేలా ఉంటే బాగుండేది.

నాకు బాగా నచ్చినది ప్లాట్స్ ట్యాబ్. ఒక జీన్‌ని అడ్డంగా, ఇంకో జీన్‌ని నిలువుగా పెడితే ఒక్కో రోగి ఒక్కో చుక్క అవుతాడు. ఎఫ్‌ఏబీపీ4 సంగతి దీంతోనే తేలుతుంది. ఈ కొవ్వు జీన్ల పేపర్లలో తరచూ తగిలే పేరు అది. కణంలో కొవ్వు ఆమ్లాల్ని మోసే ప్రొటీన్. కణితి ముదిరేకొద్దీ క్యాన్సర్ కణాల్లో ఈ ప్రొటీన్ తగ్గిపోతుందని 1990ల్లోనే చూపించారు. అంటే అది ఉంటే మంచి గుర్తు. అదే జీన్ ఒక రిస్క్ స్కోరులో చెడు వైపు కూర్చుని ఉంటే ఎవరికైనా అనుమానం రావాలి.

జవాబు స్లైడ్ మీద ఉంది. బ్లాడర్ గోడలో కొవ్వు కణాలు మామూలుగానే ఉంటాయి. కండరం కట్టల మధ్యా ఉంటాయి, లోపలి పొర కిందా అక్కడక్కడా కనిపిస్తాయి. అందుకే గీకిన ముక్కలో కొవ్వు కనబడగానే క్యాన్సర్ బ్లాడర్ దాటిందని రాయకూడదని మాకు మొదట్లోనే నేర్పుతారు. తెల్లటి ఖాళీ గుండ్రాల్లా, న్యూక్లియస్ ఓ మూలకి నొక్కుకుపోయి ఉంటాయవి. ఎఫ్‌ఏబీపీ4 ఆ కణాల్లో దండిగా ఉంటుంది. టీసీజీఏ లాంటి ప్రాజెక్టుల్లో ముక్క మొత్తాన్ని నూరి ఆర్‌ఎన్‌ఏ తీస్తారు. అందులో క్యాన్సర్ కణం ఎంత, పక్కనున్న కొవ్వు ఎంత అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు. లోతుగా పాకిన కణితి నుంచి తీసిన ముక్కలో కొవ్వు ఎక్కువ పడి ఉండొచ్చు. అప్పుడు ఆ జీన్ కొలిచేది మెటబాలిజాన్ని కాదు, కణితి లోతుని.

ప్లాట్స్‌లో ఎఫ్‌ఏబీపీ4కి ఎదురుగా ఆడిపోక్యూ పెట్టండి. అది నికార్సైన కొవ్వు కణం జీన్. రెండూ కలిసి పైకెక్కుతున్న చుక్కల్ని కొవ్వు ఖాతాలో వేయండి. ఆడిపోక్యూ అడుగునే ఉండి ఎఫ్‌ఏబీపీ4 ఒక్కటే పైకి లేచిన చుక్కలు ఉంటే, వాటిమీద కాస్త ఆలోచించండి. అక్కడ పీపీఏఆర్‌జీ కూడా చూడాలి, ఎఫ్‌ఏబీపీ4ని నడిపించేవాటిలో అదొకటి. పీపీఏఆర్‌జీ గట్టిగా పనిచేసేది లూమినల్ రకం కణితుల్లో, అంటే బ్లాడర్ లోపలి పొర పై కణాల పోలికలున్నవాటిలో. 2017 పేపర్ చేసిన ఐదు రకాల్లో లూమినల్ పాపిలరీ వాళ్ల బతుకు మెరుగ్గా, న్యూరోనల్ వాళ్లది అధ్వాన్నంగా ఉంది. కాబట్టి కొవ్వు జీన్ల స్కోరు అని పేరు పెట్టుకున్నది, చాలాసార్లు లూమినలా కాదా అన్న పాత ప్రశ్ననే కొత్త పేరుతో అడుగుతూ ఉండొచ్చు.

సర్వైవల్ బొమ్మ, అంటే కాలం గడిచేకొద్దీ ఎంతమంది మిగిలారో చూపే గీత, చక్కగా వస్తుంది. మొత్తం బతుకు, జబ్బు ముదరకుండా ఉన్న కాలం విడివిడిగా చూడొచ్చు. కాకపోతే గీత కుడి చివర మెట్లు పెద్దవైతే అక్కడ మిగిలిన మనుషులు కొద్దిమందే అని తెలుసుకోవాలి. మా పీజీ అమ్మాయి ఒకసారి "మేడమ్, పీ వాల్యూ వచ్చేసింది!" అని పరుగెత్తుకొచ్చింది. తేడా ఊరికే కాకతాళీయం కాదని చూపడానికి వాడే అంకె అది, 0.05 కన్నా తక్కువ వస్తే గట్టెక్కినట్టు. ఎన్ని జీన్లు వెతికావమ్మా అని అడిగాను. హాల్‌మార్క్ అనే రెడీమేడ్ జీన్ల జాబితాల్లో ఫ్యాటీ యాసిడ్ మెటబాలిజందానిలో 158 జీన్లుంటాయి. ఒక్కదానికీ సంబంధం లేకపోయినా, 0.05 గీత పెట్టుకుంటే సగటున ఎనిమిది దాకా ఊరికే గట్టెక్కుతాయి. రొమ్ము క్యాన్సర్‌లో అయితే యాదృచ్ఛికంగా ఏరిన జీన్ల గుంపులు కూడా చాలావరకు రోగుల ఆయుష్షుతో ముడిపడి కనిపిస్తాయని 2011లో ఒక అధ్యయనం చూపించింది. పాపం, ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. తర్వాత డేటా డౌన్‌లోడ్ చేసుకుని, వయసు, స్టేజి కలిపి ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో లెక్క వేసుకుంది. ఆ పని సైట్ బయటే చేసుకోవాలి.

దీనికి పూర్తి వ్యతిరేకం ఇంకొకటి చూశాను, పేరెందుకులెండి. ఒక పేపర్‌కి తోకగా పెట్టిన ఆన్‌లైన్ కాలిక్యులేటర్. జీన్ల విలువలు వేయమంటుంది. ఏ కొలమానంలో వేయాలో ఎక్కడా లేదు. ఎఫ్‌పీకేఎమ్‌లో వేస్తే ఒక జవాబు, టీపీఎమ్‌లో వేస్తే ఇంకొకటి. ఒకే ముక్క, ఒకే మనిషి, ఒకసారి హై రిస్క్, ఇంకోసారి లో రిస్క్! దానికి ఒక్క నక్షత్రం కూడా దండగే.

ఎవరికి పనికొస్తుందంటే, పేపర్ చదివి సందేహపడేవాళ్లకి, థీసిస్ మొదలుపెట్టేవాళ్లకి కళ్లు మూసుకుని తెరవమంటాను. ఇంట్లో ఎవరికో బ్లాడర్ క్యాన్సర్ వచ్చి రాత్రిపూట టెన్షన్‌తో జీన్ల పేర్లు వెతుకుతున్నవాళ్లకి మాత్రం ఇది పనికిరాదు. కొత్తగా బయటపడే కేసుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు కండరంలోకి దిగనివే ఉంటాయి, ఇక్కడి 412 ఆ రకం కావని ముందే చెప్పాను. కండరంలోకి దిగని రకం వాళ్లకి 2006లో 2,596 మంది రోగుల వివరాలతో వచ్చిన ఈఓఆర్‌టీసీ (యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ) పట్టికలు నయం, జబ్బు మళ్లీ వచ్చే, ముదిరే అవకాశం ఎంతో అవి చెబుతాయి. గడ్డలెన్ని, మూడు సెంటీమీటర్లు దాటాయా, ఇంతకుముందు వచ్చి పోయిందా, స్టేజి, గ్రేడు, పక్కన సీఐఎస్ (పైపొరలోనే చదునుగా ఉండే హై గ్రేడ్ క్యాన్సర్) ఉందా, ఇవే అడుగుతాయి. జీన్ టెస్టుతో పనిలేదు. ఆ తర్వాత రిపోర్టులో డిట్రూసర్ కండరం (బ్లాడర్ గోడలోని కండరం) ముక్కలో ఉందో లేదో చెప్పే లైన్ వెతకండి. లేదని రాసి ఉండి, క్యాన్సర్ హై గ్రేడ్ లేదా టీ1 (లోపలి పొర కిందికి దిగి, కండరాన్ని ఇంకా చేరనిది) అని కూడా ఉంటే, మళ్లీ ఒకసారి గీకి చూడాలా అని యూరాలజిస్టుని అడగండి.