రోహిణి కార్తె దాటిన వానపాముల తొట్టి

వంటింటి చెత్తను వానపాములతో ఎరువుగా మార్చే పెట్టె గురించి అడిగినవారందరికీ మొదటి ఏడాది నేను ఒకటే మాట చెప్పేవాణ్ణి: వాసన రాదు, శ్రమ లేదు, కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు అని. మూడు వేసవులు గడిచాక రాస్తున్నాను కనుక ఆ మాటకు కొంత చేర్పు అవసరం. వాసన రాదన్నది ఇప్పటికీ నిజమే, కాకపోతే ఏడాదిలో పది నెలలకే. మిగిలిన రెండు నెలల సంగతి పెట్టెతో వచ్చే చిన్న పుస్తకంలో ఎక్కడా ఉండదు. అయితే ఈ జీవుల మీద నాకు తీరని అభిమానం కలిగించింది కూడా ఆ రెండు నెలలే.

మాది విజయవాడ. అపార్ట్‌మెంటులో పై అంతస్తు, ఉన్న ఒక్క బాల్కనీ పడమటి వైపు. పెట్టె మూడు అరల ప్లాస్టిక్‌ది. దానితోపాటు పంపిన ఎర్రలు, అంటే వానపాములు, ఐసీనియా ఫెటిడా జాతివి. ఐరోపా నుంచి ప్రపంచమంతటికీ చేరిన ఈ జాతికి 15 నుంచి 25 డిగ్రీల వరకు హాయిగా ఉంటుంది, 35 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. విజయవాడలో మే నెలాఖరున ఎండ 44, 45 డిగ్రీలు తాకడం వింతేమీ కాదు. మా పెట్టె వినాయక చవితి రోజుల్లో వచ్చింది కనుక మొదట్లో ఆ ఇబ్బంది కనిపించలేదు. కూరగాయల తొక్కలు, టీ పొడి, గోంగూర కాడలు, అరటి తొక్కలు వేసి, పైన గుప్పెడు కొబ్బరి పొట్టు కప్పితే చాలు. సంక్రాంతి నాటికి అడుగు అరలో నల్లటి సన్నని పొడి చేరింది, దగ్గరగా పెట్టుకుంటే తొలకరి మట్టి వాసన వచ్చేది. మొదటి వేసవి అకాల వర్షాలతో మెత్తగా గడిచిపోయింది. తడి గోనె కప్పి, మధ్యాహ్నం పూట నీళ్లు గడ్డకట్టించిన సీసా ఒకటి పై అరలో పెడితే సరిపోయింది.

రెండో వేసవి అలా లేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనే దగ్గరి బంధువుల ఇంట పెళ్లి కుదిరింది. ఊరికి వెళ్తూ తాళం చెవి ఎదురింటి అత్తయ్యగారికి ఇచ్చి వెళ్లాము. ఆవిడ మాట తప్పే మనిషి కారు. తిరిగి వచ్చి తలుపు తీయగానే కుళ్లిన చేపల వాసన హాలు దాకా కొట్టింది. మూత తీస్తే పై రెండు అరల్లో కదలిక లేదు. నేలలో అయితే ఎర్రలు ఎండకు లోతుకు దిగి చల్లదనం వెతుక్కుంటాయి. పెట్టెలో దిగడానికి లోతు ఎక్కడిది? ఉన్నవన్నీ అడుగు అరకు చేరి, పెట్టె అడుగున ఉండే కొళాయి దగ్గర నిలిచిన మురుగులో ముద్దగా పడి ఉన్నాయి. వానపాము ఒంట్లో అత్యధిక భాగం నీరే కనుక చచ్చాక ఆకారం ఎంతోసేపు నిలవదు. చాలావాటికి జిగురు చారలు తప్ప ఏమీ మిగలలేదు. అత్తయ్యగారు చాలా నొచ్చుకున్నారు. “పొద్దునా సాయంత్రం తడుపుతూనే ఉన్నాను బాబూ, మధ్యాహ్నం గోనె మీద చేయి వేస్తే పెనంలా కాలింది” అన్నారు. ఆవిడ చేసిన లోపం ఏమీ లేదు. గాలి ఆడని ప్లాస్టిక్ గోడలు పడమటి ఎండకు వేడెక్కాక పైన ఎంత తడిపినా లోపలి వేడి దిగదు.

చచ్చిన ఎర్రలతో కలిసిన ఆ పదార్థాన్ని పారేయడానికి మనసు ఒప్పలేదు, ఎంతయినా ఎరువే కదా. అడుగున ముద్దగా ఉన్నదాన్ని తీసేసి, మిగిలినదాన్ని వెడల్పాటి మట్టి తొట్టిలోకి ఎత్తి, ఎండుటాకులు, కొబ్బరి పొట్టు కలిపి, ఉత్తరం వైపు ఉన్న వాష్ ఏరియాలో ఒక మూల పెట్టాను. గోనెతో కప్పి, అది మరీ ఎండిపోకుండా అప్పుడప్పుడు నీళ్లు చిలకరించడం తప్ప మరేమీ చేయలేదు. చెత్త వేయడం ఆపేశాము. వాసన నాలుగు రోజుల్లో పోయింది.

మృగశిర కార్తె వచ్చి, వానలు పడి, గాలి చల్లబడ్డాక కరివేపాకు మొక్కకు వేద్దామని ఆ తొట్టిలో చేయి పెట్టాను. పిడికిట్లోకి వచ్చిన పొడిలో ఏదో మెదిలింది. వెలుతురులోకి తెచ్చి చూస్తే తెల్ల దారం ముక్కల్లాంటి పిల్ల ఎర్రలు, ఒక్కోదాని వీపు పొడవునా ఎర్రటి గీత. ఇంకా కదిపి చూస్తే మెంతిగింజ కన్నా చిన్నవి, రెండు కొసలా మొన తేలినవి, తేనె రంగువి గుడ్లు కనిపించాయి. కొన్ని ముదిరి ఇటుక రంగుకు తిరిగాయి, అంటే పిల్లలు బయటికి వచ్చే సమయం దగ్గర పడిందన్నమాట. ఐసీనియా గుడ్లు అనుకూలమైన తేమలో సుమారు మూడు వారాలకు పొదుగుతాయి. నిజానికి ఒక్కోటి కొన్ని గుడ్లున్న తిత్తి కనుక దానిలోంచి రెండు మూడు పిల్లలైనా వస్తాయి. పెద్దవి ఓర్చుకోలేని ఎండపోటును ఈ గుడ్లు చాలావరకు ఓర్చుకుంటాయని చదివి ఉన్నాను గానీ, కళ్లారా చూసినప్పుడు కలిగిన సంతోషం వేరు. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను, అత్తయ్యగారిని ముందుగా. దసరా నాటికి తొట్టి మళ్లీ మునుపటిలా నిండింది. అందుకే, వేసవిలో ఎర్రలు చచ్చిపోయాయని పెట్టెను చెత్తబండికి ఎత్తేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. నీడలో పెట్టి, తేమ చూసుకుంటూ వానల దాకా ఓపిక పడితే నష్టమేమీ లేదు.

ఆ తర్వాత ప్లాస్టిక్ పెట్టెకు తిరిగి వెళ్లలేదు. అడుగున చిల్లులున్న మట్టి తొట్టి గోడల్లోంచి తేమ ఆవిరై, మంచినీళ్ల కుండ చల్లబడిన తీరునే లోపలి పదార్థమూ చల్లబడుతుంది. అయితే కృష్ణా తీరపు ఉక్కపోత రోజుల్లో గాలిలోనే తేమ ఎక్కువ గనుక తొట్టి అంతగా చల్లబడదు. ఆ రోజుల్లో గడ్డకట్టిన సీసా తప్పదు. మూడో వేసవి ఇలాగే గట్టెక్కింది, కొన్ని పోయినా ఎక్కువ భాగం బతికాయి.

పెట్టె కొళాయిలోంచి కారే గోధుమరంగు నీటిని మొదట్లో నేనూ గొప్పగా చెప్పాను. అది వర్మీవాష్, అంటే ఎర్రలున్న ఎరువులోంచి నీళ్లు దింపి తీసే ద్రవ ఎరువు, కాదు, సగం కుళ్లిన చెత్తలోంచి ఊరిన నీరు. ఒక వంతుకు పది వంతుల మంచినీళ్లు కలిపితే తప్ప ఇప్పుడు మొక్కలకు పోయను. వంటింటి చెత్త అంతా అందులోనే సరిపోతుందన్న మాట కూడా మామిడికాయల కాలానికి వర్తించదు. తొక్కలు ఒక్కసారిగా వేస్తే పులిసి వేడెక్కుతాయి, టెంకలు నెలల తరబడి అలాగే ఉంటాయి. ఉప్పు వాటికి పడదు కనుక ఊరగాయ ముక్కలు, మిగిలిన కూరలు వేయకూడదు. అవన్నీ మేము ఇప్పటికీ తడి చెత్త బుట్టలో వేసి మున్సిపాలిటీ బండికే ఇస్తాము.

పోయినేడు మా ఊరి పెంటకుప్ప అడుగున దొరికిన సన్నని, చురుకైన ఎర్రలను కూడా తెచ్చి కలిపాను. ఒంటి మీది నీలి మెరుపును బట్టి అవి మన ప్రాంతపు పెరియోనిక్స్ జాతివై ఉంటాయి. ఎండను బాగా ఓర్చుకుంటున్నాయి గానీ, వాన ముందు రాత్రుళ్లు తొట్టి అంచు దాటి వాష్ ఏరియా అంతా పాకుతాయి. మూతికి పాత నూలు చీర ముక్క బిగించి కట్టాక అది తగ్గింది. పాకే జీవులంటే వెరపు ఉన్న ఇంట్లో వీటిని పెంచమని చెప్పలేను.

మేము ఇంట్లో ఇద్దరమే, శాకాహారులము, మధ్యాహ్నం పూట ఎవరో ఒకరు ఇంటి పట్టున ఉంటాము, ఉత్తరపు నీడ ఉంది. ఇవన్నీ కలిసి వచ్చాయి కనుక మాకు సరిపోయింది. పడమటి బాల్కనీ తప్ప వేరే చోటు లేనివారు, పగలంతా ఇంటికి తాళం వేసి వెళ్లేవారు వేసవి పెద్ద పరీక్షే అనుకుని దిగాలి. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం వినాయక చవితికి అటూ ఇటూగా మొదలుపెట్టండి. ఎండలు ముదిరేలోగా ఎర్రలు కుదురుకుని గుడ్లు పెట్టడానికి ఆరేడు నెలల వ్యవధి దొరుకుతుంది.